ఓకేఆరా, కేపీఐలా, స్మార్ట్ గోల్సా? హన్మకొండ టీమ్ లీడ్ చెల్లెకు జవాబు

హన్మకొండ నుంచి ఒక చెల్లె రాసిన ఉత్తరం ఇది. చానా పెద్దగుంది, అందుకే మిగతా వాళ్లకు సంగతి తెలిసేటంత మటుకు కుదించి చెప్తున్న. ఆమె ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీల టీమ్ లీడ్, మొత్తం 14 మంది. ఎరువులు, విత్తనాలు, పురుగు మందులు అమ్మే షాపులకు బిల్లింగ్, స్టాక్, ఉద్దెర ఖాతాల సాఫ్ట్‌వేర్ చేస్తరు, నర్సంపేట, పరకాల, జమ్మికుంట, మహబూబాబాద్ దిక్కు 400 దాకా షాపులల్ల నడుస్తున్నది. పోయిన ఏప్రిల్‌ల వాళ్ల ఎండీ సారు హైదరాబాద్‌ల ఏదో మీటింగ్‌కు పోయొచ్చి ఇగ మనం కూడ ఓకేఆర్‌లు (ఆబ్జెక్టివ్స్ అండ్ కీ రిజల్ట్స్, అంటే ఎటు పోవాలో ఒక మాట, చేరినమా లేదా చూసే కొలతలు) పెట్టుకోవాలె అన్నడట, 5 ఆబ్జెక్టివ్‌లు, వాటి కింద 23 కీ రిజల్ట్స్ ఒక షీట్‌ల రాసిన్రు, దానికి తోడు ప్రతి మనిషికి నెలకు 40 టికెట్లు (ఒక్కో పనికి, కంప్లైంట్‌కు రాసుకునే చీటీలు) క్లోజ్ చెయ్యాలని టార్గెట్. జూన్‌ల వానలు పడంగనే షాపుల నుంచి ఫోన్లు మొదలైనయ్, ఇగ ఆ షీట్ ఎవ్వరు తెర్వలే. సెప్టెంబర్‌ల తెరిచి చూస్తే 23ల 19 ఎర్రగున్నయ్, అంటే అందుకోలే. టికెట్ల టార్గెట్ మాత్రం దాదాపు అందరు దాటిన్రు, ఎందుకంటే ఒక్క పనిని నాలుగు టికెట్లు చేసి మూసిన్రు. ఎవరికి ఏ కష్టమొచ్చినా పక్కన కూసోని సాయం చేసే సీనియర్ అమ్మాయికి అందరికంటె తక్కువ లెక్క వచ్చింది. ఇప్పుడు సారు "ఓకేఆర్ మనకు సెట్ గాదు, స్మార్ట్ గోల్స్ పెడదాం, లేకుంటే కేపీఐలు పెట్టి బోనస్‌కు కలుపుదాం" అంటున్నడట (స్మార్ట్ గోల్స్ అంటే గోల్ రాసే ఒక పద్ధతి, కేపీఐలు అంటే పని ఎట్ల నడుస్తున్నదో చూసే లెక్కలు). చెల్లె అడిగేది ఏందంటే, "అన్నా, మా అసొంటి టీమ్‌కు ఏ పద్ధతి కరెక్టు? సారుకు ఏమని చెప్పాలె?"

చెల్లె, ముందు జవాబు చెప్త, ఎందుకో తర్వాత చెప్త. మీకు ఓకేఆరే సరిపోతది, కాని మీరు పెట్టినట్టు కాదు. టీమ్ మొత్తానికి ఒక్కటే ఆబ్జెక్టివ్, దాని కింద మూడు కొలతలు, మూడు నెలలకోసారి కాదు సీజన్‌కోసారి, మనిషి మనిషికి విడిగ గోల్స్ వద్దు, బోనస్‌కు అస్సలే కలుపొద్దు. ఈ ఆఖరి మాటకు సారు ఒప్పుకోకపోతే మాత్రం ఏ పేరు పెట్టినా ఏ షీట్ తెరిచినా మళ్ల వచ్చే సెప్టెంబర్‌ల ఇదే కథ అయితది.

ఎందుకంటే మీ దగ్గర ఫెయిలయింది ఓకేఆర్ కాదు. మీరు పెట్టుకున్నది సగం ఓకేఆర్, సగం పాత కాలం టార్గెట్ పద్ధతి, రెండు ఒక్క దగ్గర కలిసినయ్. కొంచెం ఎనకకు పోయి చూడు. 1954ల పీటర్ డ్రకర్ అనే మేనేజ్‌మెంట్ పండితుడు ఒక మాట అన్నడు, పనోనికి ఏం చెయ్యాలో గంట గంటకు చెప్పుడు కాదు, ఏం సాధించాలో ఇద్దరు కూసోని ఒప్పుకోవాలె, ఎట్ల చేసుకుంటడో వానికి వదిలెయ్యాలె అని. దానికే ఎంబీఓ అని పేరొచ్చింది, మేనేజ్‌మెంట్ బై ఆబ్జెక్టివ్స్. ఆలోచన మంచిదే, కాని కంపెనీల చేతుల పడ్డంక అది ఏడాదికోసారి ఫారం నింపుడు, ఆ ఫారం చూసి జీతం పెంచుడు అయిపోయింది. 1970లల్ల చిప్‌లు చేసే ఇంటెల్ కంపెనీ పెద్దలల్ల ఒకడైన ఆండీ గ్రోవ్ దాన్ని బాగు చేసిండు. తక్కువ గోల్స్ పెట్టుకోండ్రి, ఏడాదికి కాదు దగ్గర దగ్గర చూసుకోండ్రి, ఎటు పోతున్నమో ఒక మాట, అక్కడికి చేరినమా లేదా తెలిసేటందుకు కొన్ని కొలతలు, అంతే. అప్పుడు ఇంటెల్‌ల పని చేసి నేర్చుకున్న జాన్ డోర్ 1999ల దాన్ని గూగుల్‌కు పట్టుకపోయిండు, అప్పటికి గూగుల్ ఇంకా చిన్న కంపెనీ. అక్కడి నుంచి లోకమంత పాకింది. గ్రోవ్ ఇంకో సంగతి గట్టిగనే చెప్పిండు, ఇది మనిషి పనితనానికి మార్కులేసే దస్తావేజు కాదు అని, ఇది ఆ మనిషి ఎంత దూరం వచ్చిండో తనకు తానే చూసుకునేటందుకు అని. మీ సారు హైదరాబాద్ మీటింగ్‌ల ఓకేఆర్ పేరు విన్నడు, ఈ ముక్క అక్కడ ఎవ్వరు చెప్పినట్టు లేదు.

స్మార్ట్ గోల్స్ అంటే ఓకేఆర్‌కు పోటీ కాదు, అది కూడ సారుకు చెప్పాలె. 1981ల జార్జ్ డోరన్ అనే ఆయన ఒక మేనేజ్‌మెంట్ పత్రికల రాసిన చిన్న వ్యాసంల నుంచి వచ్చింది అది. గోల్ స్పష్టంగ ఉండాలె, కొలిచేటట్టు ఉండాలె, ఎవరు చేస్తరో తెల్వాలె, అయ్యేదై ఉండాలె, ఎప్పటిలోగనో ఉండాలె అని. అయిదు గుణాలు ప్రతి గోల్‌కు ఉండి తీరాలని కూడ ఆయన అనలే. అంటే అది ఒక గోల్ వాక్యం మంచిగ రాసినమా లేదా చూసుకునే చెక్‌లిస్ట్, ఏ గోల్ పెట్టుకోవాలో మాత్రం అది చెప్పదు. "జూన్ 30 లోగ 40 టికెట్లు రమేష్ క్లోజ్ చెయ్యాలె" అనేది నూటికి నూరు పాళ్లు స్మార్ట్ గోలే, అయిదు గుణాలున్నయ్, అయినా దానితోటి ఏం జరిగిందో నువ్వే రాసినవ్. కేపీఐలు మళ్ల వేరే. అవి రోజూ చూసుకోవాల్సిన ఆరోగ్యం లెక్కలు, సర్వర్ ఎంతసేపు నడిచింది, ఎన్ని షాపులు రెన్యూవల్ చేసినయ్ అసొంటియి. అవి ఎప్పుడు ఉండాల్సిందే, కాని అవి ఉన్నయ్ కదా అని ఎటు పోవాలో తేలదు.

మరి ఏ టీమ్‌కు ఏది అంటే నేను చూసేది ఒక్కటే సంగతి. మీకు తెల్వనిది ఏంది? ఏం చెయ్యాలో ఖరాకండిగ తెలిసి, చేసుడే మిగిలిన పని అయితే ఓకేఆర్ అక్కర్లేదు. ఉదాహరణకు మీ కంపెనీ రేపు ఒక విత్తన కంపెనీకి కాంట్రాక్ట్ మీద ఒక యాప్ చేసిస్తున్నది అనుకో, స్క్రీన్లు ఖరారైనయ్, తారీఖు ఖరారైంది, పైసలు ఖరారైనయ్, అక్కడ మామూలు మైల్‌స్టోన్లు పెట్టుకుంటే చాలు, ఆ స్క్రీన్లకు పెద్ద ఆబ్జెక్టివ్ రాసుకుంట కూసునుడు టైం వేస్టు. అట్లనే ఏం జరుగుతున్నదో అస్సలు అర్థమైతలేదు, కస్టమర్‌కు ఏం కావాలో కూడ తెల్వదు అనే కాడ పెద్ద నంబర్ పెట్టుకునుడు కూడ తప్పే. ఎడ్విన్ లాక్, గ్యారీ లాథమ్ అని ఇద్దరు సైకాలజిస్టులు ఈ గోల్స్ మీదనే ఏండ్ల తరబడి పరిశోధన చేసిన్రు, 35 ఏండ్ల పనిని కలిపి 2002ల ఒక పేపర్ల రాసిన్రు. "నీకు చేతనైనంత చెయ్యి" అని వదిలేసే కంటె స్పష్టంగ, కొంచెం కష్టంగ ఉన్న గోల్ ఇస్తే మనిషి ఎక్కువ చేస్తడు అనేది వాళ్ల ముఖ్యమైన మాట. కాని దానికి షరతులున్నయ్, ఆ గోల్‌ను మనిషి మనసుల ఒప్పుకోవాలె, ఎంత దూరం వచ్చిండో ఎప్పటికప్పుడు తెల్వాలె, ఇంకా పని కొత్తది, చిక్కుది అయితే నంబర్ గోల్ కంటె "ఇది ఎట్ల చెయ్యాలో కనుక్కోవాలె" అనే నేర్చుకునే గోల్ మంచిగ పని చేస్తది. మీ 23 కీ రిజల్ట్స్‌ల ఈ మూడు షరతులు లేవు చెల్లె. ఎవ్వరు ఒప్పుకున్నయి కావు, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఎవ్వరు చూడలే, వాటిల్ల సగం ఎట్ల చెయ్యాలో ఎవ్వరికి తెల్వదు.

మీ టీమ్ ఈ రెండిటి నడుమ ఉన్నది. షాపులు ఏం అడుగుతున్నయో మీకు తెలుసు, నువ్వే రాసినవ్, జూన్‌ల లైన్ కట్టినప్పుడు బిల్లు లేటయితది, నెట్ పోతే సింక్ కాదు, సాయంత్రానికి స్టాక్ కలువదు. కాని దాన్ని ఎట్ల బాగు చెయ్యాలో, ఏది ముందు చెయ్యాలో తెల్వదు. ఇసొంటి కాడనే ఓకేఆర్ పనికొస్తది.

ఇప్పుడు అసలు ఆబ్జెక్టివ్ రాద్దాం. నీ ఉత్తరంల ఒక వాక్యం చూసి నేను అక్కడనే ఆగిపోయిన, "కొందరు షాపోళ్లు రష్ ఉన్నప్పుడు కాయితం బిల్లు బుక్కుల రాసి, రాత్రి షాపు మూసినంక మన సాఫ్ట్‌వేర్ల ఎక్కిస్తరు" అన్నవ్. నువ్వు దాన్ని కంప్లైంట్ల నడుమ ఒక కంప్లైంట్ లెక్క రాసినవ్. నా లెక్కల మీ కంపెనీకి దానంత ముఖ్యమైన వార్త ఇంకోటి లేదు. ఆ షాపాయన తిప్పలు చూడు, ఎరువుల సబ్సిడీ 2018 సంది పీఓఎస్ మిషన్ మీద అమ్మకం ఎక్కితేనే కంపెనీకి వచ్చుడు, కాబట్టి యూరియా అమ్మాలంటే రైతు వివరాలు, ఎక్కువగ వేలిముద్రతోటి, అక్కడ ఎక్కాల్సిందే, ఎదురుంగ లైన్‌ల అంతమంది నిలబడ్డరు, వేలిముద్ర ఒక్కోసారి పడదు, మళ్ల తుడిచి పెట్టాలె, ఒకాయన పత్తి గింజల పాకెట్లు అడుగుతడు, ఇంకొకాయన పోయినేడు ఉద్దెర ఎంతుందో చెప్పమంటడు, ఇవన్ని నడుస్తుంటె మీ స్క్రీన్ గుండ్రంగ తిరుగుకుంట కూసుంటే ఏం చేస్తడు, పక్కకు నూకి బిల్లు బుక్ తీస్తడు. అంటే మీ సాఫ్ట్‌వేర్ అసలు అవసరం పడ్డ ఆ రెండు గంటల్లనే వాళ్లు దాన్ని వదిలేస్తున్నరు. అట్ల రెండు సీజన్లు నడిస్తే మూడోసారి రెన్యూవల్‌కు ఫోన్ చేస్తే ఎత్తడు.

కాబట్టి ఆబ్జెక్టివ్ ఇట్ల రాసుకోండ్రి: "వచ్చే వానాకాలం రష్‌ల ఏ షాపాయన కూడ మన సాఫ్ట్‌వేర్ పక్కకు పెట్టి కాయితం బుక్కు తీయొద్దు." ఇంతే. టీమ్‌ల కొత్తగ చేరిన పిల్లగానికి కూడ అర్థమైతది, సపోర్ట్‌ల ఫోన్ ఎత్తే అమ్మాయికి కూడ అర్థమైతది. "వరల్డ్ క్లాస్ కస్టమర్ ఎక్స్‌పీరియెన్స్ ఇవ్వాలె" అని మీ పాత షీట్‌ల మొదటి లైన్ ఉన్నది చూడు, అసొంటియి రాస్తే ఎవరికి ఏం చెయ్యాలో తెల్వదు.

దీని కింద కొలతలు. మొదటిది, రాత్రి బిల్లులు. ప్రతి బిల్లు మీ డేటాబేస్‌ల ఎప్పుడు ఎక్కిందో టైంతో సహ ఉంటది కదా, షాపు మూసే టైం తర్వాత గుంపుగ ఎక్కిన బిల్లులు మొత్తంల ఎంత శాతమో జూన్, జూలై, ఆగస్టు లెక్క తీయ్. డేటాబేస్‌ను అడిగే ఒక్క క్వెరీతోటి అయిపోయే పని. ఎంత వస్తే అంత, అది మీ ఇప్పటి లెక్క, దాన్ని సగానికి తేవాలా, నాలుగో వంతుకా అనేది నంబర్ చూసినంక అందరు కూసోని తేల్చండ్రి, చూడకముందే టార్గెట్ రాయకండ్రి. మీ పాత షీట్‌ల 23ల ఎన్నిటికి "ఇప్పుడు ఎంతుంది" అనే గడి ఖాళీగ ఉన్నదో లెక్కపెట్టు, అదే పెద్ద రోగం. రెండోది, సాయంత్రం స్టాక్ కలువని షాపులు వారానికి ఎన్ని. మూడోది, ఇది మొదటిదానికి కాపలా: క్యాన్సిల్ చేసి మళ్ల కొట్టిన బిల్లులు ఎన్ని.

కాపలా అని ఎందుకన్ననంటే, బిల్లు తొందరగ కొట్టిచ్చుడే గోల్ అనుకో, ఎవరో ఒకరు ఉద్దెర లిమిట్ చెక్, బ్యాచ్ నంబర్ చెక్ తీసేస్తరు, బిల్లు గబగబ అయితది, రాత్రికి ఖాతాలన్ని తప్పు. ఎవరు చెడ్డోళ్లు కాదు, ఏ నంబర్ మీద మన కన్నుంటదో దాన్ని పెంచేటందుకు చెయ్యి అట్ల పోతది. గ్రోవ్ కూడ ఇదే చెప్పిండు, ఒక కొలత పెడితే దాని వల్ల ఏది చెడొచ్చో దాన్ని కొలిచే ఇంకో కొలత పక్కన పెట్టాలె అని. 1975ల చార్ల్స్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఎకనామిస్ట్ కూడ పైసల పాలసీ గురించి రాసుకుంట ఇదే సంగతి పట్టుకున్నడు, ఒక లెక్క మీద కంట్రోల్ కోసం ఒత్తిడి పెట్టంగనే ఆ లెక్క అప్పటిదాక చెప్పిన నిజం చెప్పుడు బందు చేస్తది అని. మీ 40 టికెట్లు అచ్చం అదే. ఏప్రిల్‌కు ముందు టికెట్ల లెక్క చూస్తే పని ఎంతయిందో కొంచెమన్న తెలిసేది, టార్గెట్ పెట్టినంక అది కూడ పోయింది.

ఇగ సీజన్ సంగతి. ఏప్రిల్–జూన్, జూలై–సెప్టెంబర్ అని మూడు నెలల ముక్కలు అమెరికా కంపెనీల లెక్కలకు, షేర్ మార్కెట్ రిజల్ట్స్‌కు సరిపోతయ్, మీ కస్టమర్‌కు ఆ క్యాలెండరే లేదు. మీ షాపులకు ఏడాది అంటే వానాకాలం, యాసంగి. తొలకరి పడంగనే గింజలు, తర్వాత యూరియా, మీ రష్ జూన్‌ల మొదలై ఆగస్టు దాకా నడుస్తది, మీ క్వార్టర్ జూన్ 30కి, నడి రష్‌ల తెగుతది. వానలు మొదలైనంక చెరువు కట్టకు మన్ను పోసేటోళ్లు ఎవరన్న ఉంటరా, ఆ పని ఎండాకాలమే కావాలె. కాబట్టి ఇప్పుడు నుంచి మే ఆఖరు దాకా కట్టుడు, నడుమ యాసంగి రష్ వస్తది, అది కొంచెం చిన్నది, అది మీకు ట్రయల్, అప్పుడు నంబర్లు కదిలినయా లేదా చూసుకోండ్రి, కదలకపోతే మార్చి నుంచి వేరే దారి. జూన్ నుంచి ఆగస్టు దాకా కొత్త ఫీచర్ ఒక్కటి కూడ పంపొద్దు, రిపేర్లు, కొలతలు చూసుకునుడు, అంతే. ఆ మూడు నెలల్ల టీమ్‌ల ఇద్దరు పోయి షాపుల కౌంటర్ ఎనక నిలబడాలె, నర్సంపేట ఎంత దూరం మీకు, పొద్దున పోయి రాత్రికి రావొచ్చు. డెవలపర్ తన కళ్లతోటి ఆ లైన్ చూసినంక వాడు ఆఫీసుల కూసోని అడిగే ప్రశ్నలే మారిపోతయ్.

నంబర్ ఎంత గట్టిగ పెట్టాలె అనేది కూడ సారు అడుగుతడు. గూగుల్‌ల నూటికి 60, 70 పాళ్లు అయితె చాలు అంటరు కదా అని. అది పెద్ద కల లెక్క పెట్టుకున్న గోల్స్‌కు. అదే గూగుల్‌ల కూడ మాట ఇచ్చిన గోల్స్ వేరే ఉంటయ్, అవి పూర్తిగ కావాల్సిందే. మీరు రెండిటిని కలిపి ఒక్క షీట్‌ల పెట్టిన్రు, అందుకే 19 ఎర్రగ కనబడంగనే అందరి మనసు కుంగింది. స్టాక్ కలుసుడు మాటిచ్చిన గోల్, దాంట్ల 70 పాళ్లు అంటే 30 పాళ్ల షాపుల లెక్క తప్పని ఒప్పుకున్నట్టు. రాత్రి బిల్లుల దాంట్ల కొంచెం పైకి చూడొచ్చు. ఏది ఏదో పక్కన రాసి పెట్టండ్రి.

సపోర్ట్ గురించి నువ్వు రెండు లైన్లే రాసినవ్ గాని అసలు గండి అక్కడనే ఉన్నది. 14 మందిల సగం మంది టైం ఫోన్లల్లనే పోతున్నది అన్నవ్, కాని ఏప్రిల్‌ల గోల్స్ రాసినప్పుడు 14 మంది మొత్తం ఖాళీగ ఉన్నట్టు రాసిన్రు. పోయినేడు లెక్క చూసి ఏ నెల ఎంతమంది సపోర్ట్‌కు పోతున్నరో ముందే తీసి పక్కన పెట్టు, వారం వారం మనుషులను మార్చు, ఆ వారం సపోర్ట్‌ల ఉన్నోళ్లను ఇంకేం అడుగొద్దు. మిగిలినోళ్లతోటి ఏమైతదో అదే మీ అసలు బలం. వాళ్లు రెండు వారాలకోసారి స్ప్రింట్, అంటే ఒక పని విడత, చేస్తున్నరు కదా, ప్రతి స్ప్రింట్‌కు ఒక్క వాక్యం గోల్ ఉండాలె, "ఈసారి నెట్ లేకున్నా బిల్లు పడాలె" అన్నట్టు. ఈ స్ప్రింట్ల పద్ధతికి రాసిన స్క్రమ్ గైడ్‌ల కూడ 2020 సవరణల స్ప్రింట్ గోల్‌కు, దాని పైన ప్రొడక్ట్ గోల్‌కు స్పష్టంగ చోటిచ్చిన్రు, సీజన్ ఆబ్జెక్టివ్‌ను ఆ ప్రొడక్ట్ గోల్ కాడ పెట్టుకుంటే ఇంకో మీటింగ్, ఇంకో షీట్ అవసరమే పడదు.

డోరా కొలతల గురించి కూడ అడిగినవ్, అంటే సాఫ్ట్‌వేర్ రిలీజ్‌లు ఎంత తొందరగ, ఎంత భద్రంగ అయితున్నయో చూసే లెక్కలు. ఎన్నిసార్లు రిలీజ్ చేస్తున్నం, కోడ్ ఖరారైన కాడి నుంచి కస్టమర్‌కు చేరేదాక ఎంతసేపు, రిలీజ్‌లల్ల ఎన్ని చెడిపోతున్నయ్, చెడితే ఎంతసేపట్ల నిలబెడుతున్నం, ముఖ్యంగ ఈ నాలుగు. నికోల్ ఫోర్స్‌గ్రెన్ వాళ్ల టీమ్ ఏండ్ల తరబడి సర్వేలు చేసి తేల్చినయ్, మంచి కొలతలు, పెట్టుకోండ్రి. కాని గోడ మీద చూసుకునేటందుకే, టార్గెట్ లెక్క వద్దు, ముఖ్యంగ పక్క టీమ్‌తోటో వేరే కంపెనీతోటో పోల్చకండ్రి. జూన్ నుంచి ఆగస్టు దాకా మీరు కావాలనే రిలీజ్‌లు తగ్గిస్తరు కదా, అప్పుడు మొదటి నంబర్ పడిపోతది, పడిపోవాలె.

ఇగ బోనస్. దీని మీద సారుతోటి మాట్లాడేది నువ్వే కాబట్టి కొంచెం ఎక్కువ చెప్త. సారు చెడు ఆలోచనతోటి అంటలేడు, పని చేసేటోనికి నాలుగు పైసలు ఎక్కువ రావాలని ఆయన లెక్క. కాని నంబర్‌కు పైసలు కలిపినంక గోల్ పెట్టుకునే మీటింగ్‌లనే అబద్ధం మొదలైతది, అందరు తేలికది అడుగుతరు, ఇది కష్టం సార్, అది కాదు సార్ అని. వారం వారం పెట్టుకునే శుక్రవారం మీటింగ్‌ల "ఇది అయితలేదు" అని ఎవ్వరు నోరిప్పరు, మీకు కావాల్సిందేమో ఆ మాటే, అది జూలైల కాదు జనవరిల తెల్వాలె. సారుకు పెద్ద ఉదాహరణ కావాలంటే అమెరికాల వెల్స్ ఫార్గో బ్యాంకు సంగతి చెప్పు. ఒక్కో కస్టమర్‌తోటి ఇన్ని ఖాతాలు తెరిపియ్యాలె అని కింది సిబ్బంది మీద టార్గెట్లు పెట్టిన్రు, జీతం, ఉద్యోగం వాటికి కలిపిన్రు, వాళ్లు కస్టమర్లకు తెల్వకుంట లక్షల ఖాతాలు తెరిచిన్రు, 2016ల బయటపడితే 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడ్డది, అప్పటికే 5,300 మందిని తీసేసిన్రు. టార్గెట్ మాత్రం కాయితం మీద మంచిగ నడిచింది.

మన కాడ ఇంకో నష్టం కూడ ఉన్నది. 2020ల మడికొండల టెక్ మహీంద్రా, సైయంట్ సెంటర్లు తెరిచినా కూడ హైదరాబాద్ గుంజుడు గుంజుడే, నేర్చుకున్న పిల్లలను ఆపుకునుడు వరంగల్‌ల చిన్న కంపెనీకి అన్నిటికంటె పెద్ద కష్టం. ఆ సీనియర్ అమ్మాయి పేరు నువ్వు రాయలే, కాని నాకు ఆమె గురించే బాధైంది. పక్కోని కోడ్ చూసి తప్పు పట్టుకునుడు, కొత్త పిల్లలకు నేర్పుడు, రాత్రి ఫోనొస్తే ఏడ చెడిందో చెప్పుడు, ఇవి ఏ టికెట్‌ల రాయరు. మీ షీట్ ఆమెను టీమ్‌ల అందరికంటె కింద పెట్టింది. ఆమెకు ఒకసారి నిజంగ ఆ లెక్క మనసుకు తాకితే రెజ్యూమె అప్డేట్ చేసుడు ఒక్క రాత్రి పని. సారుతోటి ముందు ఈమె గురించే మాట్లాడు, నంబర్లు తర్వాత. బోనస్ ఇయ్యాలంటే కంపెనీ ఏడాది లాభంల నుంచి అందరికి కలిపి ఒక వాటా ఇయ్యమను. మనిషి పనితనం చూడాలంటే నువ్వు, సారు ఆరు నెలలకోసారి ఒక్కొక్కరితోటి కూసోని, వాళ్లతో పని చేసినోళ్లను అడిగి, నోటితోటి చెప్పండ్రి. కష్టమే, టైం పడతది, కాని 14 మందికి అది అయ్యే పనే.

శుక్రవారం మీటింగ్ అర్ధగంట దాటొద్దు. మూడు కొలతలు పోయిన వారం ఎంత, ఈ వారం ఎంత, తర్వాత ప్రతి ఒక్కరు "ఆగస్టుకు ఇది అయితదని నాకు పదికి ఇంత నమ్మకం" అని ఒక నంబర్ చెప్పాలె, అందరు ఒక్కసారే, కాయితం మీద రాసి, లేకపోతే సారు చెప్పిన నంబరే అందరు చెప్తరు. ఎవరు తక్కువ చెప్పిన్రో వాళ్లను మందలియ్యొద్దు, ఏం చూసి తక్కువ చెప్పినవ్ అని అడగాలె. మీటింగ్‌ల అన్నిటికంటె పనికొచ్చేది ఆ జవాబే. సారు కూడ ఉండాలె, కాని ఆఖరుకు మాట్లాడాలె, ఈ ఒక్క షరతు ముందే ఒప్పిచ్చుకో.

సారు దగ్గరికి "ఓకేఆర్ మంచిదా స్మార్ట్ మంచిదా" అనే ముచ్చట పట్టుకొని పోకు, అది తెగని లొల్లి. ఈ వారమే ఆ రాత్రి బిల్లుల లెక్క తీపియ్, ఏ షాపులల్ల ఎక్కువున్నదో పేర్లతో సహ, వాటిల్ల పోయినేడు రెన్యూవల్ చెయ్యనియి ఎన్నో పక్కన పెట్టు, ఆ ఒక్క కాయితం సారు ముందట పెట్టి మాట మొదలుపెట్టు. ఒకవేళ ఆ రెండిటికి సంబంధం లేదని లెక్క చెప్తే ఆబ్జెక్టివ్ మార్చుకుందాం, అప్పుడు స్టాక్ కలువని షాపుల కాడి నుంచి చూద్దాం. నంబర్లు వచ్చినంక డ్రాఫ్ట్ పంపు చెల్లె, ఇద్దరం కలిసి చూద్దాం.